బొడ్డు పక్క మచ్చ

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన నాగిరెడ్డిపేటలో కమలవ్వ ఉండే వాడకట్టు ఏనాడో పాడుబడి ఉండాలి. పడలేదు. పైగా ఎవరింట్లో పసిపిల్లకు జ్వరమొచ్చి కళ్లు తేలేసినా ముందు ఆమె గుమ్మమే తొక్కేవారు. నోటి సంగతి ఎలా ఉన్నా కమలవ్వ చేతిలో వైద్యం ఉందని ఊరి నమ్మకం.

వైద్యమంటే పెద్దదేం కాదు. పసుపు కొమ్మును నిప్పుల మీద ఎర్రగా కాల్చి, జ్వరంతో కొట్టుకుంటున్న పిల్లవాడి బొడ్డు పక్కన ఒక్క క్షణం ఆనించి తీసేయడం. దాన్ని చురక పెట్టడం అంటారు. పిల్లవాడు కెవ్వుమంటాడు, ఫిట్స్ ఆగిపోతాయి, తల్లి కమలవ్వ చేతులు పట్టుకుని ఏడుస్తుంది. అసలు కిటుకు కమలవ్వకు కూడా తెలియదు. జ్వరంతో వచ్చే ఫిట్స్ మామూలుగా రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. పొయ్యి రాజేసి, కొమ్ము వెతికి, కాల్చి, పిల్లవాడి దాకా పట్టుకొచ్చేసరికి అయిదు నిమిషాలవుతుంది. అంటే ఆగిపోయిన దాన్నే ఆమె ఆపేది. ఇలాంటి వైద్యంలో పేరు పోగొట్టుకోవడం చాలా కష్టం. పాతికేళ్లలో ఊళ్లో పదకొండు మంది పొట్టల మీద ఆమె సంతకం పడింది.

ఈ విద్య ఆమెకు అత్త మంగవ్వ నుంచి వచ్చింది. మంగవ్వ పోయి ఆరేళ్లయింది. టీవీ పైన దండ వేసిన ఫొటోలో ఉంటుంది. ఫొటోలో కూడా ఎవరినో ఒక మాట అనబోతున్నట్టే ఉంటుంది. ఆమె కొడుకులిద్దరికీ, అంటే పెద్దవాడు హన్మంతుకూ, చిన్నవాడు, కమలవ్వ మొగుడు సిద్ధిరాములుకూ బొడ్డుకు ఎడమ పక్కన రూపాయి బిళ్లంత మచ్చ ఉంటుంది. అది ఇంటి దేవుడి మొక్కు అని మంగవ్వ చెప్పేది. బోరు దగ్గర స్నానం చేస్తూ సిద్ధిరాములు ఆ మచ్చను కాస్త గర్వంగానే చూపించుకునేవాడు. కమలవ్వ కొడుకు భూమేశ్ పొట్ట మీద కూడా అలాంటిదే ఉంది. ఊరికి మాత్రం అదీ మొక్కే. దాని సంగతి కమలవ్వకు తెలుసు, ఎందుకంటే అది పడ్డప్పుడు ఆమె అక్కడే ఉంది.

అది ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మాట. భూమేశ్‌కు ఏడాదిన్నర. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఉన్నట్టుండి బిగుసుకుపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. మంగవ్వ చురక పెట్టింది. పిల్లవాడు తేరుకున్నాక చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కోడలి వైపు తిరిగింది.

"మా ఇంట్ల ఏడు తరాల సంది గిసోంటిది లేదు. మీ సదాశివనగర్ నుంచి తెచ్చినవ్. నీ నెత్తుర్ల ఉన్నది. ఇంకొకన్ని గంటె గాడు గూడ గిట్లనే అయితడు," అంది.

అప్పటికి కమలవ్వకు ఇరవై రెండేళ్లు. ఆమెకు ఆడపిల్ల కావాలని ప్రాణం కొట్టుకునేది. పేరు కూడా అనుకుంది. అత్త మాట విన్న మరుసటి ఏడు ఎల్లారెడ్డి వెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. ఒక్కడు చాలని అందరికీ చెప్పింది. కమలవ్వ తెలివిగలదని ఊరు మెచ్చుకుంది. అది తెలివి కాదు, భయం. ఆ భయాన్ని ఆమె మొగుడితో కూడా అనలేదు. తన నెత్తురే చెడ్డదన్న నమ్మకాన్ని లోపల దాచిపెట్టి, పైన నోటిని కాపలా పెట్టుకుంది. అది పెరిగి పెరిగి ఇంతైంది.

ఇప్పుడు భూమేశ్ ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణంలో పని చేస్తాడు. మాట తక్కువ మనిషి. ఆ ఇంట్లో ఇద్దరికి సరిపడా మాటలు తల్లే మాట్లాడేసేది కాబట్టి అతనికి అవసరం పడలేదు. మూడేళ్ల కిందట జుక్కల్ నుంచి ప్రణీతను పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాడు. డిగ్రీ చదివిన పిల్ల. తల్లి సుభద్రమ్మతో ఫోనులో కన్నడంలో మాట్లాడుతుంది. కమలవ్వకు కన్నడం ఒక్క ముక్క రాదు. అందుకని ఆ మాటలన్నీ తన గురించేనని తీర్మానించుకుంది. వాళ్ల పాప ఆశ్రితకు ఇప్పుడు ఏడాదిన్నర. తను కనలేకపోయిన ఆడపిల్ల మనవరాలై వచ్చిందని కమలవ్వ నమ్మకం. పాపను ఎత్తుకున్నంతసేపూ ఆమె నోటికి సెలవు.

శ్రావణ మాసం, నాట్ల రోజులు. ఒక బుధవారం పొద్దున పదకొండు గంటలకు పాపకు ఫిట్స్ వచ్చాయి. రాత్రి నుంచి జ్వరం ఉంది. ప్రణీత సిరప్ పోసి ఒళ్లు తుడుస్తుండగానే పాప బిగుసుకుని కొట్టుకోవడం మొదలుపెట్టింది. కమలవ్వ ఒక్క ఉరుకులో వంటింట్లోకి వెళ్లింది. గ్యాసు పొయ్యి వచ్చాక ఆమె వైద్యంలో వేగం బాగా పెరిగింది. పట్టుకారుతో ఎర్రటి కొమ్ము పట్టుకుని బయటికొచ్చి చూస్తే, కోడలు పాపను చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి సెల్‌ఫోన్ చూస్తూ కూర్చుంది.

"పొల్ల గట్ల కొట్టుకుంటుంటె ఫోన్ల ఏం జూస్తున్నవే?"

"టైం చూస్తున్న అత్తమ్మా. అయిదు నిమిషాలు దాటితె జల్ది దవాఖానకు ఉరకాలె. టీకా సూదుల కాడ నర్సమ్మ చెప్పింది. నోట్లో ఏం పెట్టొద్దన్నది."

రెండు నిమిషాలు దాటకుండానే పాప వదులైపోయి ఏడుపు అందుకుంది. కమలవ్వ చేతిలో కొమ్ము ఇంకా ఎర్రగానే ఉంది. ఆమె కోసం కాచుకోకుండా ఫిట్స్ ఆగిపోవడం ఆమె చూడ్డం అదే మొదటిసారి. కాస్త అవమానంగా కూడా అనిపించింది.

"ఆగితె ఏంది, మల్ల రాకుండ పెట్టాలె. పొట్ట మీది అంగీ లేపు," అంది.

ప్రణీత పాపను ఎత్తుకుని లేచి నిలబడింది. అప్పటిదాకా ఆ పిల్ల గొంతు పెంచగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "అత్తమ్మా, పాపకు అది తగిలితే నేను జుక్కల్ పోత. పాపను తీసుకొని పోత. మల్ల ఈ గడప తొక్క."

"పో! జుక్కల్ నుంచేగద తెచ్చినవ్. మా ఇంట్ల ఏడు తరాల సంది గిసోంటిది లేదు."

మాట బయటికి వచ్చాక అది ఎవరి మాటో కమలవ్వకు తెలిసింది. అయినా ఆగలేదు. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అన్న సామెత ఊరికే పుట్టలేదు. అదే ఊపులో సుభద్రమ్మకు ఫోన్ చేసి, రోగం దాచి పిల్లనిచ్చారని పది నిమిషాలు వాయించింది. అవతల సుభద్రమ్మ ఊ అనలేదు, ఆ అనలేదు. అది పొగరనుకుని కమలవ్వ ఇంకో రెండు నిమిషాలు కలిపి వాయించింది.

ఈలోగా ప్రణీత భూమేశ్‌కు కబురు చేసి, ఆటో పిలిపించుకుని ఎల్లారెడ్డికి బయలుదేరింది. ఆటోలో రెండు బ్యాగులు పెట్టింది. దవాఖానకు రెండు బ్యాగులెందుకు? ఒకదాని జిప్పు సందులోంచి పాప ఊలు టోపీ కనిపించేసరికి కమలవ్వకు సంగతి అర్థమైంది. చలికాలం దాకా బట్టలు సర్దిందన్నమాట. పొలంలో ఉన్న సిద్ధిరాములును కాళ్ల బురదతోనే లాక్కొచ్చి అదే ఆటోలో ఎక్కింది. ఎల్లారెడ్డిలో చూసిన డాక్టరు భయపడాల్సిందేం లేదన్నాడు గానీ, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించుకొమ్మని కామారెడ్డికి రాసిచ్చాడు. భూమేశ్ ఎల్లారెడ్డిలోనే కలిశాడు. అందరూ బస్సెక్కారు. దారి పొడుగునా బ్యాగులు ప్రణీత కాళ్ల దగ్గరే ఉన్నాయి.

పిల్లల డాక్టరు ముప్పై ఏళ్ల అమ్మాయి. నిజామాబాద్ మనిషి, మాట కూడా ఇక్కడిదే. పాపను అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు చూసి, మెడ వంచి చూసి, ఇది జ్వరానికి వచ్చిన ఫిట్సేననీ మెదడుకేమీ కాలేదనీ చెప్పింది. ఆ తర్వాత కాగితం తీసింది.

"ఇంట్ల ఎవరికన్న చిన్నప్పుడు జ్వరంల ఫిట్స్ వచ్చినయా? నాయనకు? నాయన దిక్కోళ్లకు?"

భూమేశ్ తల్లి వైపు చూశాడు. అతనికేం గుర్తుంటుంది? నిజం ఆ గదిలో కమలవ్వ ఒక్కదానికే తెలుసు. చెప్తే తన నెత్తురు సంగతి కోడలి ముందు బయటపడుతుంది. పొద్దున అన్న మాటలన్నీ తిరిగొచ్చి తన నెత్తి మీదే పడతాయి. ఆ మాటలు పట్టుకుని ప్రణీత బస్సెక్కితే ఆపే మొహం కూడా తనకు ఉండదు.

"మా ఇంట్ల లేదు," అంది.

"మా ఇంట్ల గూడ లేదు మేడం," అంది ప్రణీత.

డాక్టరు పక్కపక్కన రెండు సున్నాలు రాసుకుంది. గదిలో ఉక్కగా ఉంది. సిద్ధిరాములు చెమట తట్టుకోలేక అంగీ అంచు లేపి మొహం తుడుచుకున్నాడు. ఆయనకు ఆ అలవాటు మాన్పించాలని కమలవ్వ ముప్పై ఏళ్లుగా చూస్తోంది.

డాక్టరు కలం ఆపింది. "బాపూ, ఆ మచ్చ ఏంది?"

"మొక్కమ్మా."

"ఏ దేవునికి?"

సిద్ధిరాములు ఆలోచించాడు. అరవై ఏళ్లుగా పొట్ట మీద మోస్తున్నాడు గానీ ఆ దేవుడి పేరు ఆయన్ని ఎవరూ అడగలేదు. "ఇంటి దేవునికి," అన్నాడు చివరికి, తనకే నమ్మకం లేనట్టు.

డాక్టరు భూమేశ్‌ను అంగీ లేపమంది. అదే చోట, అదే కొలత. "నేను గిసోంటియి శానా చూసిన బాపూ. ఫిట్స్‌కు పెట్టే చురక ఇది. నీకు అన్నదమ్ములు ఉన్నరా?"

అన్న హన్మంతు ఎల్లారెడ్డిలోనే ఉంటాడు. డెబ్బై ఒక్క ఏళ్లు, చెవులు కాస్త మందం. భూమేశ్ ఫోన్ చేసి స్పీకర్ పెడితే, సిద్ధిరాములు తమ మచ్చల మొక్కు సంగతి అడిగాడు. హన్మంతు తనకు వినపడనిది లోకానికీ వినపడదనుకునే మనిషి కాబట్టి, ఆయన చెప్పింది బయట చీటీ కోసం కూర్చున్నవాళ్లకు కూడా వినపడింది.

"మొక్కు లేదు, మన్ను లేదు! నీకు రెండేండ్లప్పుడు కల్లంల కండ్లు తేలేసినవ్ రా. నేను సూసిన. నాకు గూడ చిన్నప్పుడు వచ్చినయట. మన మేనత్తకు గూడ వచ్చినయట. అమ్మ ఎవ్వలికి జెప్పొద్దన్నది. తెలిస్తె మనింటికి పిల్లనియ్యరని మొక్కు అని జెప్పింది."

కమలవ్వ ఫోను మీదికి వంగింది. "బావా, మా భూమేశ్‌కు వచ్చినప్పుడు గిదంత నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"నన్ను అంటుంటె ఎందుకు జెప్పలే?"

"అమ్మ జెప్పొద్దన్నదని అంటున్నగా."

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ మాట కూడా ఎవరూ ఆయనకు గుర్తు చేయలేదు.

కమలవ్వ లేచి బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూలబడింది. అదే చోట అదే కొలతలో పదకొండు మంది పిల్లలకు తన చేత్తో పెట్టింది. రోజూ కళ్లెదుట ఉన్న మొగుడి పొట్ట మీద ఉన్నది ఏమిటని ఒక్కనాడు అనుకోలేదు. దేవుడి పేరు తగిలించిన దాన్ని ఎవరు విప్పి చూస్తారు? వెనకాలే వచ్చిన సిద్ధిరాములు మెల్లగా అన్నాడు: "నాకేం తెల్సే? నేను చిన్నపోరన్ని."

"నీ పొట్ట మీద ఉన్నది నీకు తెల్వదా?" అని అరిచి, ఆ వెంటనే ఏడ్చేసింది. "ఒక్క ఆడపిల్లను గంటుంటిని. నా నెత్తురు పాడుదని బుగులుపడి బంద్ జేసుకున్న. నా నెత్తురు మంచిగనే ఉండెనటయ్యా!"

ఆమె ఏడవడం సిద్ధిరాములు చూసి ఎన్నేళ్లయిందో. ఏం చేయాలో తెలియక మొహం తుడుచుకోబోయి, అంగీ అంచు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరు వాళ్లను మళ్లీ లోపలికి పిలిచింది. కమలవ్వ కళ్లు తుడుచుకుని కూర్చుంది. ఆమె లోపల అప్పటికే మంగవ్వతో యుద్ధం మొదలైంది, గెలుపు కూడా కనిపిస్తోంది. డాక్టరు దాని మీద నీళ్లు చల్లింది.

"అవ్వా, తప్పంత ఒక్క దిక్కే అనుకోకు. జ్వరానికి ఫిట్స్ వచ్చే గుణం ఇంట్ల నుంచి వస్తది, నిజమే. కని అది ఒక్క జన్యువు చేసే పని కాదు. శానా జన్యువులు కలుస్తయి. కొన్ని తండ్రి దిక్కు నుంచి, కొన్ని తల్లి దిక్కు నుంచి వస్తయి. ఇంట్ల ఎవ్వరికి లేకున్న గూడ కొందరు పిల్లలకు వస్తయి."

"మరి తప్పు ఎవలది?"

"తప్పేంది అవ్వా? పాప ముక్కు ఎవరిది?"

"మా ఆయనది."

"గది తప్పా?"

"గా ముక్కు జూస్తె తప్పే," అంది కమలవ్వ. ప్రణీతకు నవ్వొచ్చి ఆపుకుంది.

డాక్టరు కూడా నవ్వి, చెప్పాల్సినవి చెప్పింది. జ్వరం వస్తే మళ్లీ రావచ్చు. ఇంట్లో ఇంతమందికి ఉంది కాబట్టి వచ్చే అవకాశం కాస్త ఎక్కువే. అయిదారేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలకు పోతాయి. ప్రణీత చేసిందే సరైన పని, పక్కకు తిప్పడం, టైం చూడడం. చురక మాట ఎత్తగానే ఆమె మొహంలో నవ్వు పోయింది. కాలిన చోట చీము పట్టి పెద్ద దవాఖానకు పోయిన పిల్లలను ఇద్దరిని తను చూసిందట. కమలవ్వ తన పదకొండు మందిని మనసులో ఒక్కొక్కరినే తలచుకుంది. అందరూ బతికే ఉన్నారు. అది తన గొప్పతనం కాదని ఆమెకు మొదటిసారి తోచి భయం వేసింది.

"డాక్టరమ్మా, నేను అబద్ధం జెప్పిన. మా పోరనికి ఏడాదిన్నరప్పుడు వచ్చినయి. గా సున్న కొట్టెయ్యి," అంది. ఆ తర్వాత కోడలి వైపు తిరిగింది. "నాకు ఎర్కే ఉండె. ఎర్కే ఉండి నిన్ను అన్న."

ప్రణీత పాప జుట్టు సర్దింది.

కామారెడ్డి బస్టాండులో బాన్సువాడ బస్సు, ఎల్లారెడ్డి బస్సు కొంచెం అటూ ఇటూగా నిలబడి ఉన్నాయి. జుక్కల్ పోవాలంటే బాన్సువాడ బస్సెక్కాలి. ప్రణీత రెంటికీ మధ్య పాపను భుజాన వేసుకుని నిలబడింది. సిద్ధిరాములు రెండు చేతుల్లో రెండు బ్యాగులు పట్టుకుని, ఎటు నడవాలో చెప్పేవాళ్లు లేక నిలబడ్డాడు. భూమేశ్ మందులు తెచ్చి, తను కూడా నిలబడ్డాడు. ఉండమని అడగడానికి కమలవ్వకు నోరు రాలేదు. ఆ నోటికి అలాంటి గతి పడుతుందని ఊళ్లో చెప్తే ఎవరూ నమ్మరు.

"మీ అమ్మకు ఫోన్ కలిపియ్యి," అంది చివరికి.

ప్రణీత ఒక్క క్షణం చూసి, కలిపి ఇచ్చింది. కమలవ్వ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని నాలుగడుగులు పక్కకు వెళ్లింది.

"వదినె, నేను కమలను. పొద్దుగాల నేను అన్నయన్ని వాపస్ తీసుకుంటున్న. జబ్బు మా ఇంటిదే. మా ఆయనకు, మా బావకు, మా పోరనికి, అందరికి ఉండె. నీ బిడ్డను ఉత్తగనే అన్న."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. పొద్దున పొగరనుకున్న మౌనమే అది. తర్వాత సుభద్రమ్మ ఏడుస్తోందని తెలిసింది.

"వదినె, మా ప్రణీతకు గూడ వచ్చినయి. మూడేండ్లప్పుడు, రెండుసార్లు. దానికే తెల్వది. పెండ్లి ఆగుతదని మేం జెప్పలే. పొద్దున మీరు తిడుతుంటె ఏం అనాల్నో నాకు తెల్వలే."

కమలవ్వ స్తంభం పట్టుకుని నిలబడింది. ముప్పై ఏళ్ల వాదులాటల్లో ఆమె చేతికి ఎవరూ ఇంత పదునైనది ఇవ్వలేదు. ఒక్క మాట చాలు. ఇటు తిరిగి ఒక్క మాట అంటే పొద్దున అన్నదంతా సగం నిజమైపోతుంది, తన తలవంపు సగం తీరుతుంది. నోరు దానంతటదే తెరుచుకుంది కూడా. ప్రణీత దూరం నుంచి ఇటే చూస్తోంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, భుజం మీద జ్వరం పిల్ల.

"ఏడ్వకు వదినె," అంది కమలవ్వ. "గిది నేను జెప్తె అత్త మాటనే అయితది. నీ బిడ్డకు నువ్వే జెప్పు. దాచకు. డాక్టరమ్మ గూడ రాసుకోవాలె."

వచ్చి ఫోను కోడలికిచ్చి, పాప కోసం చేతులు చాపింది. ప్రణీత కాసేపు ఆలోచించి పాపను అందించింది. కమలవ్వ పాపను ఎత్తుకుని నీళ్ల కుళాయి దాకా వెళ్లి, అటు తిరిగి నిలబడింది. కన్నడంలో ఏదో అడగడం, ఆ తర్వాత ఏమీ అడగకపోవడం వినిపించాయి.

ప్రణీత వచ్చేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అమ్మ మీకు ముందే చెప్పిందట గద. మీరు నన్ను ఏం అనలేదెందుకు అత్తమ్మా?"

"నన్ను అనంగ మా అత్తను ఆపెటోళ్లు ఒక్కలు లేకపాయె బిడ్డా," అంది కమలవ్వ. "నీకన్న ఉండాలె గద."

బాన్సువాడ బస్సు కండక్టరు కేక వేస్తున్నాడు. ప్రణీత ముక్కు తుడుచుకుని మామ వైపు తిరిగింది.

"మామా, బ్యాగులు ఎల్లారెడ్డి బస్సుల పెట్టు," అంది.